కొండ కింద చదువుల ఊరికి సైకిల్ దారి

తడ నుంచి తిరుపతికి తరచుగా వెళ్లివచ్చే కుటుంబాల్లో కూడా ఆ ఊరిని చూసినవాళ్లు తక్కువ. తెల్లవారుజామున బస్సో కారో ఎక్కడం, అలిపిరి దాటి కొండకు పోవడం, దర్శనం చేసుకుని లడ్డూలతో రాత్రికి ఇల్లు చేరడం మనకు అలవాటైన ప్రయాణం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక, అంతకుముందు నెల్లూరు జిల్లాలో ఉన్న తడ మండలానికి తిరుపతే జిల్లా కేంద్రమైంది. దాంతో ఆఫీసు పనులూ అక్కడికే చేరాయి. అయినా కొండ కింద ఏడు దశాబ్దాలుగా విశ్వవిద్యాలయాల ఊరొకటి ఉందన్న సంగతి, ఇంట్లో పిల్లవాడికి సీటు వచ్చేదాకా మనకు పట్టదు. ఆ ఊరిని ఒక్కసారైనా శని, ఆదివారాల్లో సైకిల్ మీద వెళ్లి చూడాలన్నది నా వాదన. సరదా కోసం చెప్పడం లేదు. తిరుపతి చదువుల ఊరు ఎలా అయిందో, దానికీ చుట్టుపక్కల నేలకూ ఉన్న సంబంధం ఏమిటో ఆ వేగంలోనే బాగా తెలుస్తుంది.

ముందు ఆ ఊరి చరిత్ర చూద్దాం. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చివరికి వాల్తేరులో స్థిరపడింది. సీమ విద్యార్థికి అది చాలా దూరం. అందుకే 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో నీళ్లు, రాజధాని సంగతులతో పాటు విశ్వవిద్యాలయం సంగతీ చేరింది. వాల్తేరుతో సమానంగా అనంతపురంలోనూ ఒక కేంద్రం ఉండాలని రాసుకున్నారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, 1954లో, సీమకు విశ్వవిద్యాలయం దక్కింది. అది వెలిసింది మాత్రం తిరుపతిలో. అందుకు తగిన పునాది అక్కడ అప్పటికే ఉంది. దేవస్థానం పూనికతో 1939లో ప్రాచ్య పరిశోధన సంస్థ, 1945లో ఆర్ట్స్ కళాశాల మొదలయ్యాయి. తిరుమల శాసనాలు 1930లలోనే సంపుటాలుగా అచ్చవుతూ వచ్చాయి. గుడి భాండారంలోని రాగిరేకుల మీదున్న అన్నమయ్య సంకీర్తనలను వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు పరిష్కరించి లోకానికి అందించారు. అంటే గుడి గోడలూ గుడి భాండారమే తిరుపతి పండితుల పరిశోధనకు తొలి ఆకరాలు. తర్వాత 1960ల మొదట్లో సంస్కృత విద్యాపీఠం, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ, ఐసర్ వచ్చాయి. సంస్కృత విద్యాపీఠం 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఒక మోస్తరు ఊరికి ఇన్ని ఉన్నత విద్యాసంస్థలు ఉండటం తెలుగునాట అరుదు.

ఇదంతా కారులో వెళ్లినా చూడవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. భవనాలను చూడవచ్చు. వాటి వెనకున్న నేల మాత్రం దారిలోనే కనిపిస్తుంది. తడ నుంచి వరదయ్యపాళెం, బుచ్చినాయుడు కండ్రిగ మీదుగా కాళహస్తికి పోయే రోడ్డునే తీసుకోండి. పులికాట్ సరస్సును వెనక వదిలి పడమరకు తిరిగితే, 2013లో ట్రిపుల్ ఐటీ మొదలైన శ్రీసిటీ ప్రాంతం, ఆ తర్వాత పొలాలు, చెరువులు, ఉబ్బలమడుగు వైపు కొండలు వస్తాయి. శ్రీకాళహస్తి చేరేసరికి కవి ధూర్జటి ఊళ్లో ఉంటాం. స్వర్ణముఖి ఒడ్డున 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మేలో కూలిపోయింది, కొత్త గోపురం 2017లో పూర్తయింది. ఊళ్లో కలంకారీ పనివాళ్లు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టి, ఆ నీటితో వెదురు కలం పట్టి గీతలు గీస్తారు. ఇనుము కరక్కాయలోని వగరుతో కలిసి నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక పూసి, రంగునీళ్లలో ఉడకబెట్టి, పారే నీటిలో ఉతుకుతారు. ఏ లోహపు ఉప్పు ఏ చెట్టు రసంతో కలిస్తే ఏ రంగు గుడ్డను అంటిపెట్టుకుంటుందో చెప్పే రసాయనశాస్త్రం ఇది. దాన్ని తరాలుగా చేతులతో నేర్చుకున్న ఊరికి నలభై కిలోమీటర్లలోపే విశ్వవిద్యాలయం ఉంది.

కాళహస్తి దాటితే ఏర్పేడు. కొత్త ఐఐటీ, ఐసర్ ప్రాంగణాలు ఈ మండలంలోనే ఉన్నాయి. గుడిమల్లం పరశురామేశ్వరాలయం కూడా ఇదే మండలంలోది. అక్కడి శివలింగం క్రీస్తు పూర్వపు శతాబ్దాల నాటిదని చాలామంది చరిత్రకారులు చెబుతారు. మనకు తెలిసిన అతి పాత శివలింగాల్లో అదొకటి. దగ్గర్లోని పాపానాయుడుపేట గాజుపూసలకు పేరుపడ్డ ఊరు. కొలిమిలో కరిగిన గాజును సన్నని బోలు గొట్టంగా లాగి, చిన్న ముక్కలు చేసి, మళ్లీ వేడి చేసి అంచులు నునుపు చేసే ఆ పద్ధతి దక్షిణ భారతంలో రెండు వేల ఏళ్ల నాటిదని పురావస్తు పరిశోధకులు గుర్తించారు. దాన్ని అధ్యయనం చేయడానికి విదేశాల నుంచీ పండితులు ఇక్కడికి వచ్చారు. పదార్థశాస్త్రం చదివే విద్యార్థి ఇక్కడి నుంచి సైకిల్ తొక్కితే తన ప్రాంగణానికి త్వరగానే చేరుకుంటాడు. పెద్ద రోడ్డు మీద వేగంగా పోయేవాడికి గుడిమల్లం పేరు ఒక బోర్డు మీద కనిపించి మాయమవుతుంది. సైకిల్ తొక్కేవాడు నీళ్ల కోసమో నీడ కోసమో ఎలాగూ ఆగాలి, దారి ఎలాగూ అడగాలి. కారులో వెళ్లేవాడు ఎక్కడ ఆగాలో ఇంట్లోనే నిర్ణయించుకుని బయల్దేరతాడు, అందుకే తనకు ముందే తెలిసినవే చూసి వస్తాడు. తెలియనిదాన్ని ఎదురుపడనివ్వడమే చదువుకు మొదటి మెట్టు. సైకిల్ ఆ అవకాశం ఇస్తుంది.

ఎండ, లారీలు, దూరం గురించి వచ్చే అభ్యంతరాలు న్యాయమైనవి. వాటిని కొట్టిపారేయకూడదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఈ ప్రయాణం ఎవరూ తలపెట్టవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు ఉంటాయి. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎలా పొంగిందో జిల్లా ఇంకా మరచిపోలేదు. జనవరి, ఫిబ్రవరి అనువైన నెలలు. పులికాట్‌లో రాజహంసలు ఉండే రోజులూ అవే. దూరం దాదాపు వంద కిలోమీటర్లు. సముద్రమట్టానికి కాస్త పైనున్న తడ నుంచి సుమారు 160 మీటర్ల ఎత్తులోని తిరుపతికి ఆ వంద కిలోమీటర్లలో నెమ్మదిగా ఎక్కుతాం, కాబట్టి గేర్లు లేని మామూలు సైకిల్‌కూ ఇది అసాధ్యమైన దారి కాదు. గంటకు పదిహేను కిలోమీటర్ల చొప్పున ఏడు గంటల తొక్కుడు. తొలి వెలుగుతో బయల్దేరి, ఎండ ముదిరేలోగా కాళహస్తి చేరి, మధ్యాహ్నం అక్కడే గడిపి, ఎండ కాస్త తగ్గగానే మళ్లీ కదిలితే ఒంటికి భారం తగ్గుతుంది. కాళహస్తి నుంచి తిరుపతి దాకా ఉన్న జాతీయ రహదారి మీదే అసలు ప్రమాదం. అక్కడ రోడ్డు అంచునే ఉండాలి, వరసగా సాగాలి, మెరిసే చొక్కా వేసుకోవాలి, హెల్మెట్ పెట్టుకోవాలి, చీకటి పడ్డాక తొక్కకూడదు. అలవాటు లేనివాళ్లు ముందు కొన్ని వారాలు చిన్న దూరాలతో కాళ్లను సిద్ధం చేసుకోవాలి. స్పేర్ ట్యూబు, పంపు, పంక్చరు వేసుకోవడం తెలిసి ఉండటం తప్పనిసరి. ఒంట్లో సత్తువ చాలకపోతే ఆపేయడంలో తప్పు లేదు. శ్రీకాళహస్తి, ఏర్పేడు, రేణిగుంట మూడూ గూడూరు నుంచి వచ్చే రైలు మార్గం మీది స్టేషన్లే.

ఇంకో అభ్యంతరం దీనికన్నా లోతైనది. కూలి పనికి రోజూ సైకిల్ తొక్కేవాడికి అది వేరే దారి లేక చేసే కష్టమనీ, ఉన్నవాళ్లు దాన్ని వారాంతపు వేడుక చేసుకోవడం ఏం సబబనీ అడిగేవాళ్లున్నారు. ఈ మాటలో నిజముంది. కాకపోతే దాని నుంచి సైకిల్ మానేయాలన్న ముగింపు రాదు. సైకిల్ తొక్కేవాడికి రోడ్డు మీద చోటు లేకపోవడానికి, చెప్పుకోగల నోరున్న వాళ్లంతా సైకిల్ దిగిపోవడం ఒక కారణం. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగన్‌లో విశ్వవిద్యాలయం 1614 నాటిది. అక్కడ 1977లో నగర పాలకులు ఊరి నడిబొడ్డును నాలుగు భాగాలు చేసి, కార్లు ఒక భాగం నుంచి మరోదానికి నేరుగా పోకుండా చుట్టూ తిరిగి రావాలన్న ఏర్పాటు చేశారు. సైకిళ్లను నేరుగా పోనిచ్చారు. వ్యాపారులు మొదట్లో వ్యతిరేకించినా ఆ ఏర్పాటు నిలిచింది. చల్లని దేశం, చదునైన నేల వాళ్లకు కలిసొచ్చాయన్నది నిజమే కానీ, అసలు మార్పు తెచ్చింది పాలకుల నిర్ణయం. మన ప్రభుత్వ బడుల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ‘బడికొస్తా’ పేరుతో సైకిళ్లు ఇచ్చారు. చదువు మానకుండా ఉండటానికి సైకిల్ సాయపడుతుందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. బడి దాకా పనికొచ్చిన బండి విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లో ఎందుకు పనికిరాదు? ఆడపిల్లలు ఒంటరిగా దూరం పోవడం గురించి పెద్దల భయం అర్థం చేసుకోదగ్గదే. దానికి విరుగుడు గుంపుగా, ఉపాధ్యాయులో ఇంటివాళ్లో తోడుగా పంపడం. అసలు పంపకపోవడం విరుగుడు కాదు.

పుణ్యక్షేత్రాన్ని విహారయాత్ర చేస్తున్నామా అన్న సంకోచం చివరిది. దీనికి జవాబు తిరుమల సంప్రదాయంలోనే ఉంది. అలిపిరి నుంచి 3550 మెట్లు. ఘాట్ రోడ్డు మీద బస్సులు నిత్యం తిరుగుతున్నా ఇవాళ్టికీ వేలమంది ఆ మెట్లే ఎక్కుతున్నారు, కొందరు మోకాళ్ల మీద కూడా. త్వరగా చేరడమే గొప్పయితే ఆ దారి ఎప్పుడో పాడుబడి ఉండేది. ఒళ్లు అలసి చేరుకున్నదానికి విలువ ఎక్కువని మనవాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. ఆ గౌరవం దేవుడికి ఇచ్చే మనం చదువుకు కూడా ఇవ్వగలం. సైకిల్ మీద వెళ్లినవాడు కొండెక్కకూడదని ఎవరూ అనరు. మెట్లెక్కే ఓపిక మిగిలితే అదీ మంచిదే. అయితే ఆదివారం ఉదయమంతా కొండ కిందే గడిపితే, విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని చెట్ల నీడలో తిరగవచ్చు, పడమటి దిక్కున చంద్రగిరి కోటలో రాజమహల్ మ్యూజియం చూడవచ్చు. విజయనగర రాజుల చివరి రోజుల చరిత్ర, 1639లో మద్రాసు స్థలం ఆంగ్లేయుల చేతికి పోయిన చరిత్ర ఈ చంద్రగిరి రాజ్యంతో ముడిపడినవే. చెన్నైకి పొరుగున ఉండే తడవాళ్లకు అది తెలియకపోవడం వెలితి.

కాబట్టి ఈ విన్నపం. తిరుపతిలోని విశ్వవిద్యాలయాలు నెలలో ఒక ఆదివారమైనా తమ ప్రాచ్య లిఖిత గ్రంథాలను, ప్రయోగశాలలను చుట్టుపక్కల మండలాల పిల్లలకు చూపాలి, గేటు దగ్గర సైకిళ్లకు నీడనున్న స్టాండు పెట్టాలి. అధికారులు కాళహస్తి, తిరుపతి మధ్య రోడ్డు అంచున సైకిల్‌కు భద్రమైన దారి వేయాలి. ఇవేవీ అసాధ్యమైన పనులు కావు. తడ, సూళ్లూరుపేట, సత్యవేడు ప్రాంతాల అధ్యాపకులు, తల్లిదండ్రులు వాటి కోసం ఎదురుచూస్తూ కూర్చోనవసరం లేదు. వచ్చే జనవరిలో ఒక శనివారం, ఇంటర్ చదివే మీ పిల్లలతో కలిసి మీరూ సైకిలెక్కండి. వాళ్లు రేపు చదవబోయే ఊరికి దారి వాళ్ల కాళ్లకే తెలియనివ్వండి.