ఎండను రాసుకునే గాజుగోళం

"పొద్దున బాగా ఎండగా ఉంది, తర్వాత మబ్బేసింది" అని ఎవరైనా చెబుతారు. ఆ ఎండ ఎప్పుడు మొదలై ఎంతసేపు కాసిందో చెప్పాలంటే మాత్రం రోజంతా ఆకాశాన్ని కనిపెట్టుకుని కూర్చోవాలి. ఆ కాపలాను గాజుగోళానికి అప్పగించిన పరికరం కాంప్‌బెల్-స్టోక్స్ సన్‌షైన్ రికార్డర్. ఇందులో గడియారం లేదు, కదిలే భాగం ఒక్కటీ లేదు.

స్కాట్లండ్ జానపద కథలు సేకరించిన జాన్ ఫ్రాన్సిస్ కాంప్‌బెల్ 1853లో నీళ్లు నింపిన గాజుగోళాన్ని చెక్కగిన్నెలో పెట్టాడు. కాలిన చెక్కే లెక్కపుస్తకం. 1879లో జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ లోహపు గిన్నె, అందులో రోజూ మార్చే అట్టముక్క ఏర్పాటు చేశాడు.

గోళం సుమారు 10 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న నిండు గాజు. చిన్నప్పుడు కాగితం కాల్చిన భూతద్దాన్ని సూర్యుడి వైపు తిప్పి పట్టుకోవాలి. గోళానికి ముందూ వెనకా లేవు. ఎండ ఏ దిక్కు నుంచి పడినా అవతలి వైపు, కేంద్రం నుంచి ఒకే దూరంలో చుక్కగా చేరుతుంది. అందుకే గిన్నె వంపును కూడా అదే కేంద్రం చుట్టూ, అంతే దూరంలో మలిచారు. సూర్యుడు ఎంత జరిగినా వేడిచుక్క అట్టను వదిలిపోదు. ఈ పొందికే నాకు మొత్తం పరికరంలో అన్నిటికన్నా అందంగా తోస్తుంది.

గిన్నె లోపల మూడు జతల గాడులుంటాయి. వేసవిలో సూర్యుడు ఎత్తున ఉంటాడు కనుక చుక్క కిందికి దిగుతుంది. పొడవాటి వంపు అట్టను కింది గాడిలో దూరుస్తారు. చలికాలానికి పొట్టి వంపు అట్ట, పై గాడి. పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల చుట్టూ నడిమి గాడిలో తిన్నని అట్ట. గిన్నెను ఊరి అక్షాంశానికి తగ్గట్టు వంచి బిగిస్తారు. హైదరాబాద్‌లో అది 17 డిగ్రీల పైచిలుకు.

సూర్యుడు పడమరకు నడుస్తుంటే కాలిన గీత తూర్పుకు సాగుతుంది. అట్ట మీది గంటల గీతలు సూర్యుడివి. అక్కడి పన్నెండుకూ గోడ గడియారపు పన్నెండుకూ కొన్ని నిమిషాల తేడా రావచ్చు. మబ్బు అడ్డొస్తే గీత తెగుతుంది. ఉత్త వెలుతురుకు అట్ట చెక్కుచెదరదు. చదరపు మీటరుకు 120 వాట్లు దాటిన నేరు ఎండనే నేడు లెక్కకు తీసుకుంటారు.

మంచుకు తడిసిన అట్ట ఆలస్యంగా కాలుతుంది. మబ్బుల సందు నుంచి క్షణంపాటు తగిలిన ఎండ మాత్రం తన కాలానికి మించిన మచ్చ వేస్తుంది. అందుకే కొలిచేవారు గీతల గుండ్రటి కొసలను కొంత తగ్గించి, ముక్కలన్నీ కలిపి, గంటలో పదోవంతు వరకు నమోదు చేస్తారు.