నడిస్తేనే అందే నాటకం

శామ్యూల్ బెకెట్ నాటకాన్ని కుర్చీలో కూర్చుని చదివితే సగమే అందుతుంది. మిగతా సగం కాళ్లకూ వెన్నుకూ ఊపిరికీ తెలియాలి. శ్రీ సిటీ పారిశ్రామికవాడలో సాయంత్రాలు కొందరు కుర్రవాళ్లతో కలిసి ‘ఫుట్‌ఫాల్స్’ సాధన చేస్తున్నకొద్దీ ఈ నమ్మకం నాలో గట్టిపడుతోంది.

1976లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో బెకెట్ స్వయంగా దర్శకత్వం వహించగా బిల్లీ వైట్‌లా నటించిన చిన్న నాటకమది. మే అనే స్త్రీ సన్నటి దారి మీద అటూ ఇటూ నడుస్తుంది. తొమ్మిది అడుగులు, మలుపు, మళ్లీ తొమ్మిది. కనిపించని తల్లి గొంతు చీకట్లోంచి పలుకుతుంది. కాగితం మీద చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది.

నేల మీద సుద్దగీత గీసి నడవమంటే అసలు సంగతి బయటపడుతుంది. మొదట్లో అందరూ దుఃఖాన్ని ముఖంలో చూపించబోతారు. వెలుతురు నేల దగ్గర ఎక్కువగా, ముఖం దగ్గర తక్కువగా ఉండాలని బెకెట్ రాసిపెట్టాడు. కాబట్టి భారమంతా పాదాల మీదే. లెక్క తప్పకూడదు, చప్పుడు వినబడాలి, మలుపు దగ్గర తూలకూడదు. ఇవి చూసుకునేసరికి ‘నటించడానికి’ తీరిక ఉండదు. కాసేపటికి భుజాలు వాటంతటవే వంగుతాయి, చేతులు ఒంటిని చుట్టుకుంటాయి. ‘నడిస్తే చాలదు, నా అడుగులు నాకు వినబడాలి’ అంటూ తివాచీ తీసేయమని మే చిన్నప్పుడు తల్లిని ఎందుకడిగిందో అప్పుడు తెలుస్తుంది. తానున్నానన్న రుజువు ఆమెకు ఆ చప్పుడే. మాలో ఫ్యాక్టరీలో లైన్ మీద పనిచేసే ఒకతనికి ఈ నడక తొందరగా పట్టుబడింది. షిఫ్టంతా ఒకే కదలికతో గడిపే ఒళ్లు కదా!

ఇలా ఒంటితో నాటకం చెప్పడం చిత్తూరు వైపు వాళ్లకు ఏమంత కొత్త కాదు. ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం జరిగితే పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి తపస్సు మాత్రం పగటిపూటే; వేషగాడు పద్యాలు పాడుతూ తపస్సు మాను ఎక్కుతాడు. బిడ్డలు లేని ఆడవాళ్లు సంతానం కోరి తడిబట్టలతో కింద వరపడతారు. తపస్సంటే ఏమిటో అక్కడెవరూ వివరించరు. ఆ ఎత్తూ, ఆ ఎండా, పట్టు తప్పని కాళ్లూ చెబుతాయి. భారతం వరమిచ్చే నాటకం, బెకెట్‌ది ఏ వరమూ ఇవ్వనిది. రెంటికీ ఆధారం నటుడి ఒళ్లే.

శ్రీ సిటీలో క్రియా విశ్వవిద్యాలయం ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది. అక్కడ నాటకాన్ని ప్రేమించే అధ్యాపకులకు నా విన్నపం: బెకెట్ మీద వ్యాసం రాయించేముందు పిల్లల చేత ఆ తొమ్మిది అడుగులూ వేయించండి. మన పల్లెల్లో భారతం ఆడే కళాకారుల్ని పిలిచి ఆ నడక చూపించండి, వాళ్ల అభిప్రాయం అడగండి.