బాగలూరు తెలుగు – మాస్టొడాన్ వలస

2022 అక్టోబరులో ట్విట్టర్ ఎలాన్ మస్క్ చేతికి వచ్చాక, పలువురు 2016లో మొదలైన మాస్టొడాన్‌కు తరలిపోయారు. అది ఒక్క సంస్థ సొత్తు కాదు. ఎవరి సర్వరును వారే నడుపుకొంటారు, నియమాలూ వారివే. బాగలూరు విద్యార్థికి ఈ వలసతో ఏమి పని? తమిళనాట 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది. ఇంటి తెలుగు రాతకెక్కే చోటు చాలామందికి ఇక చేతిఫోనేనని మా భావన. పెద్ద వేదికపై ఆ రాత ఎవరికి కనబడాలో యంత్రం తేలుస్తుంది. (మామూలు ఖాతాకు హద్దు 280 గుర్తులు, గుణింతం, ఒత్తు విడివిడిగా లెక్క. ‘స్త్రీ’కి 6!) మాస్టొడాన్ మామూలుగా 500 ఇస్తుంది. అయినా మాకు తృప్తి లేదు. సర్వరు మారితే అనుచరులు వెంట వస్తారు, పాత రాతలు రావు. ప్రతి దించుకోవచ్చు గాని కొత్త చోట ఎక్కించలేము. నడిపేవారు చేతులెత్తేస్తే అంతే. మొరసునాటి పలుకుబడిని పరిశీలించేవారికి కావలసినవి ఆ పాత రాతలే.