కౌమారానికి ఒక భాష

లైంగిక విద్యను గురించి మన రాష్ట్రాల్లో జరిగే వాదమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతూ వుంటుంది. ఎదిగే పిల్లలకు శరీరధర్మాలను గురించి చెప్పవచ్చునా, చెప్పకూడదా? చెప్పవచ్చునన్నవాళ్లు మళ్ళీ రెండుగా చీలిపోతారు. అది బడి పని అని తల్లిదండ్రులంటారు. ఇంటి పని అని ఉపాధ్యాయులంటారు. ఇంత వాదించుకునేవాళ్లు ఒక విషయాన్ని మాత్రం చర్చ లేకుండానే ఒప్పుకుంటున్నారు. చెప్పదలుచుకుంటే చెప్పడానికి తెలుగులో మాటలున్నాయని అందరి నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం లేదని నా అభిప్రాయం. పిల్లల యౌవనారంభాన్ని గురించి ఇంట్లోనూ, బడిలోనూ, వీధిలోనూ ఒకే తీరుగా చెల్లుబాటయ్యే తెలుగు మనకు ఏర్పడలేదు. అంచేత ఇది వైద్యుల సమస్య అయినంతగా సాహిత్యకారుల సమస్య కూడా.

ఈ మాట గాలిలోనుంచి తీసి చెప్పడం లేదు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న మా నడిగడ్డలో, గద్వాల మొదలు మానవపాడు, అలంపురం దాకా, విత్తనపత్తి సాగు ఎట్లా జరుగుతుందో చూడండి. మరునాడు పూయబోయే మొగ్గను ముందురోజు సాయంత్రమే విప్పి, అందులోని కేసరాలను గోటితో తీసివేయాలి. తెల్లవారిన తర్వాత మగమొక్క పువ్వును తెంపుకొచ్చి దాని పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రానికి అద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. చెట్టు ఎత్తుకు సరిపోతారనీ, వేళ్లు సన్నగా వుంటాయనీ, కూలి తక్కువనీ ఈ పనికి ఆడపిల్లల్ని పెట్టుకోవడం, వాళ్లు నెలల తరబడి బడి మానడం దశాబ్దాలుగా మా ప్రాంతానికి అపకీర్తి తెచ్చిన విషయం. నేను తెలుగు పాఠం చెప్పే పిల్లల్లో ఈ చేలలోనుంచి వచ్చినవాళ్లు చాలామంది వున్నారు. ఆడపువ్వేది, మగపువ్వేది, ఏ పూట అద్దితే కాయ నిలుస్తుంది, ఏ పూట అద్దితే రాలిపోతుంది, ఈ సంగతులన్నీ వాళ్లు తడుముకోకుండా చెప్పగలరు. ఆ మాటలు చెప్పడానికి ఎవరూ సిగ్గుపడరు. అదే పిల్ల, ఆ చేలోనే, మొదటిసారి బట్ట తడిసినప్పుడు మాత్రం తనకేదో రోగం వచ్చిందనుకుని ఏడుస్తుంది. పువ్వు విషయంలో అంత జ్ఞానం ఇచ్చిన సమాజం మనిషి విషయంలో ఆ పిల్ల చేతికి ఏమీ ఇవ్వలేదు.

ఆమెకు దొరికే మాటలు మూడు రకాలు. మొదటిది బడిభాష. మన ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో కౌమారదశ అని ఒక పాఠం వుంది. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వుంది. ఈ పాఠాలు పుస్తకంలోకి రావడమే ఒక విజయమనీ, రాసినవారి ఉద్దేశం మంచిదనీ ఒప్పుకోవాలి. కాని తెలుగు చెప్పేవాడిగా చదివినప్పుడు నన్ను ఆపేది అందులోని పరిభాష. ఋతుచక్రం, ముష్కాలు, ఫలదీకరణం: శాస్త్రానికి పారిభాషిక పదాలు అవసరమే. అయితే పారిభాషిక పదం ఇంటి మాట మీద నిలబడాలి. ఇంటి మాటను తొలగించి దాని స్థానంలో కూర్చున్నప్పుడు అది జ్ఞానాన్ని ఇవ్వదు, దాస్తుంది. పరీక్షలో బొమ్మ గీసి భాగాలు గుర్తించిన పిల్ల ఆ బొమ్మ తనదేనని గుర్తించకపోవడానికి కారణం ఇదే. చాలా బడుల్లో ఈ పాఠాన్ని ఇంట్లో చదువుకోండని దాటవేస్తారు. చదివి వినిపించిన చోట కూడా అది సంధ్యావందనం మంత్రంలాగే మిగిలిపోతుంది.

రెండోది ఇంటిభాష. పిల్ల పెద్దమనిషి అయిందంటారు. మూల కూర్చుందంటారు. బయట వుందంటారు. దూరమైందంటారు. ఈ మాటలను కాస్త పరిశీలించండి. పెద్దమనిషి అన్నదొక్కటి తప్పిస్తే, పిల్ల ఒంట్లో ఏమి జరిగిందో వీటిలో ఏదీ చెప్పదు. పిల్ల ఎక్కడ కూర్చోవాలో చెబుతుంది. ఇవి శరీరాన్ని వర్ణించే మాటలు కావు, శరీరానికి స్థలం నిర్ణయించే ఆజ్ఞలు. సమర్త పండుగ చేసి, పసుపు నీళ్లు పోసి, మైకు పెట్టి ఊరందరికీ భోజనాలు పెడతారు. అంత ఆర్భాటంలో ఆ పిల్లకు జరిగినదేమిటో ఆమెకు చెప్పే మనిషి ఒక్కరూ వుండరు. మగపిల్లవాడికైతే ఆ పాటి మాటలు కూడా లేవు. గొంతు మారిందనీ, మీసం మొలిచిందనీ నవ్వుతారు; అక్కడితో సరి.

మూడోది వీధిభాష, అంటే బూతు. శరీరభాగాల పేర్లు తిట్లలో తప్ప మరెక్కడా వినని పిల్లవాడు శరీరాన్నే తిట్టుగా నేర్చుకుంటాడు. దాని పక్కనే రైలుకట్ట వెంబడి గోడల మీద నకిలీ వైద్యుల ప్రకటనలుంటాయి. సహజంగా జరిగే స్వప్నస్ఖలనాన్ని రోగమని చెప్పి, నరాల బలహీనతని బెదిరించి, పొట్లాలమ్మే వ్యాపారం అది. బడి చెప్పనిదీ, తండ్రి చెప్పనిదీ మన మగపిల్లలకు చెబుతున్నది ఆ గోడ.

ఇటువంటి పరిస్థితి ఎట్లా వచ్చింది? మన పూర్వులు సిగ్గరులు, అంచేత మాట్లాడలేదు అంటే అది చరిత్ర కాదు. అలంపురంలో దొరికిన లజ్జాగౌరి శిల్పాన్ని చూసినవాళ్లకు ఆ సంగతి తెలుసు. తల స్థానంలో తామర, ప్రసవానికి సిద్ధమైన భంగిమ. చెక్కిన శిల్పికి అందులో లజ్జ ఏమీ కనబడలేదు. లజ్జ అన్నది పేరులో వుంది, శిల్పంలో లేదు. ప్రబంధకవులు కూడా మాట్లాడనివాళ్లు కారు. యౌవనారంభాన్ని వాళ్లు వర్ణించినంతగా మరెవరూ వర్ణించలేదు. కాని ఆ వర్ణన అంతా చూసేవాడి కన్నుతో జరిగింది. పిల్ల ఎట్లా కనబడిందన్నదే ప్రశ్న; పిల్లకు ఎట్లా వుందన్నది ఏ కవికీ తట్టలేదు. రాజుగారి భోగానికి పనికివచ్చే భాష అది. పిల్ల తన బాధ చెప్పుకోవడానికి అది ఎట్లా పనికివస్తుంది?

ఒక్క మినహాయింపు ముద్దుపళని. పద్దెనిమిదో శతాబ్దిలో తంజావూరు ఆస్థానంలో వున్న ఈమె రాధికాసాంత్వనంలో, రాధ తాను పెంచిన ఇళ ఈడేరడాన్నీ, ఆమెకు చెప్పవలసిన మాటలు రాధ దాపరికం లేకుండా చెప్పడాన్నీ రాసింది. అది కూడా కృష్ణుడి సుఖం కోసమే చెప్పిన పాఠమని మనం గుర్తుంచుకోవాలి. అయినా పెద్దామె చిన్నపిల్లతో నోరు విప్పి మాట్లాడే సందర్భం మన కావ్యాల్లో అరుదు. ఆ పుస్తకానికి ఏ గతి పట్టింది? బాల్యవివాహాలను ఎదిరించి, వితంతువులకు పెళ్లిళ్లు చేసిన వీరేశలింగంగారే అది స్త్రీలు వినదగింది కాదన్నారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని సమగ్రంగా అచ్చువేస్తే ప్రభుత్వం నిషేధించింది. 1947లో ప్రకాశంగారి కాలంలోగాని ఆ నిషేధం తొలగలేదు. వీరేశలింగంగారి సేవను తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. కాని మన సంస్కరణోద్యమపు హద్దు ఎక్కడుందో ఇక్కడ తెలుస్తుంది. ఆ వుద్యమం బాలిక శరీరాన్ని ముసలి పెళ్లికొడుకు చేతిలోనుంచి కాపాడదలచింది. ఆ శరీరానికి మాట ఇవ్వడానికి మాత్రం జంకింది.

కన్యాశుల్కం కథ కూడా దీనికి దూరమైనది కాదు. మూడేళ్లలో విశాఖపట్నం జిల్లాలో జరిగిన 1,034 కన్యాశుల్కపు పెళ్లిళ్ల పట్టికను గురజాడ తన పీఠికలో పేర్కొన్నాడు. అందులో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది. ఆ అంకెల వెనకనున్న అన్యాయాన్ని విమర్శకులు చాలా చర్చించారు. వెంకటేశాన్ని గురించి మాత్రం నవ్వుకుని వదిలేశారు. నన్నడిగితే ఆ నాటకంలో మన చర్చకు అత్యంత అవసరమైన పాత్ర వాడే. తండ్రి అగ్నిహోత్రావధాన్లకు వాడితో మాట్లాడడం తెలియదు, అరవడమే తెలుసు. బడి వాడికి అర్థంకాని ఇంగ్లీషు ముక్కలు తప్ప మరేమీ ఇవ్వలేదు. తల్లికి వాడి చదువు ఎట్లాంటిదో తెలిసే వీలు లేదు. ఈ ముగ్గురూ ఖాళీగా వుంచిన చోటులోకి గిరీశం వచ్చి కూర్చున్నాడు. చుట్టలు కాల్చడం మొదలుకొని ఆడవాళ్లను గురించి ఎట్లా అనుకోవాలో అంతవరకు వెంకటేశానికి మగతనం నేర్పిన గురువు గిరీశమే. పైగా ఆ శిష్యుణ్ణే మెట్టుగా వాడుకుని శిష్యుడి అక్క దగ్గరకు చేరాడు. తల్లిదండ్రులూ బడీ నోరు మూసుకుంటే పిల్లవాడు అమాయకుడిగా మిగిలిపోడని, గిరీశం చేతికి చిక్కుతాడని గురజాడ 1892లోనే రంగస్థలం మీద చూపించాడు. ఇవాళ వెంకటేశం జేబులో వున్న గిరీశం పేరు సెల్‌ఫోను. ఈ గిరీశానికి ఆ గిరీశానికున్న చమత్కారం కూడా లేదు. ఆడదాన్ని హింసించడమే మగతనమని నిశ్శబ్దంగా, రాత్రింబవళ్లు బోధిస్తాడు.

తర్వాత చలం వచ్చాడు. బళ్లు తనిఖీ చేసే ఉద్యోగం చేసినవాడు కాబట్టి బడి సంగతీ ఎరుగును, బిడ్డల శిక్షణ రాసినవాడు కాబట్టి ఇంటి సంగతీ ఎరుగును. ఆ తర్వాత ఎనభయ్యో దశకంలో స్త్రీవాద కవయిత్రులు వచ్చారు. జయప్రభ చూపులను గురించి, కొండేపూడి నిర్మల పురిటిగదిని గురించి రాస్తే వాటిని నీలికవిత్వమని ఈసడించినవాళ్లున్నారు. 1993లో వెలువడిన సంకలనం నీలిమేఘాలు అనే పేరుతోనే ఆ ఈసడింపుకు జవాబు చెప్పింది. శరీరాన్ని చూసేవాడి కంటితోగాక అనుభవించే మనిషి నోటితో చెప్పిన సాహిత్యం తెలుగులో ఇక్కడ బలపడింది. అయితే వీటిలో మాట్లాడేది భార్య, తల్లి, ఉద్యోగిని. పదమూడేళ్ల పిల్ల వినడానికి, పద్నాలుగేళ్ల పిల్లవాడు చదువుకోవడానికి తగిన రచన చేయడం తన పని అని ఎవరో ఒకరిద్దరు తప్ప మన రచయితలు అనుకోలేదు. బాలసాహిత్యం కాకీ నక్కా దగ్గర ఆగిపోతుంది. పెద్దల సాహిత్యం పెళ్లితో మొదలవుతుంది. నడుమ ఆరేడేళ్లు మన సాహిత్యంలో బీడు.

చెబితే పిల్లలు చెడిపోతారన్న ఆక్షేపణ చాలా పాతది. 2005లో కేంద్రప్రభుత్వం కౌమారవిద్యా కార్యక్రమం ప్రారంభిస్తే రెండేళ్లు తిరక్కుండానే కొన్ని రాష్ట్రాలు దాన్ని నిలిపివేశాయి. 2009లో మన వెంకయ్యనాయుడుగారి అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల సంఘం కూడా బడుల్లో లైంగిక విద్య తగదనే చెప్పింది. అదే యేడు యునెస్కో వెలువరించిన మార్గదర్శకాలు, దేశదేశాల అనుభవాన్ని పరిశీలించి, ఇటువంటి విద్య పిల్లల్ని తొందరపెట్టదని నిర్ధారించాయి. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సమగ్రమైన లైంగిక విద్య అవసరమని చెప్పింది. చెప్పకుండా వుంటే పిల్లలు చెడిపోలేదా అన్న ప్రశ్నకు మన ఇళ్లే జవాబు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20 నుంచి 24 యేళ్ల స్త్రీలలో నూటికి 23 మందికి పైగా పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు. ఈ పెళ్లిళ్లకు తల్లిదండ్రుల మూర్ఖత్వం ఒక్కటే కారణమనడం అన్యాయం. పాలమూరు నుంచి నెలల తరబడి వలసపోయే తల్లి, ఎదిగిన పిల్లను ముసలి అవ్వ దగ్గర ఎట్లా వదిలిపోవాలో తెలియక పెళ్లి చేస్తుంది. ఆమెకు తెలిసిన రక్షణ అదొక్కటే. పిల్లతో మాట్లాడడం కూడా ఒక రక్షణ అని ఆమెకు ఎవరు చెప్పారు?

మన శిబిరంలోనుంచే మరొక ఆక్షేపణ వస్తుంది. కూలీ, కూడూ, బడిలో మరుగుదొడ్డీ లేని చోట మాటలను గురించి ఈ విచారమెందుకు, ఇది మధ్యతరగతి మనస్తత్వం కాదా అని. మరుగుదొడ్డి ముందు కావలసిందే, కాదనేవాడెవడు? కాని విత్తనపత్తి చేనులోకి మళ్ళీ రండి. ఇవాళ కడుపునొప్పి, కూర్చుంటాను అని చెప్పలేని పిల్ల రోజంతా నిలబడే పనిచేస్తుంది. మేస్త్రి చెయ్యి ఎక్కడ తగిలిందో చెప్పలేని పిల్ల మరునాడు కూడా అదే చేనికి వస్తుంది. ఆమె కూలి చౌక కావడానికి ఆమె మౌనం కూడా ఒక కారణం. మాట లేకపోవడం శ్రమదోపిడీకి బయటనున్న విషయం కాదు, అందులో భాగమే.

న్యాయస్థానం దగ్గర ఈ సంగతి మరింత కఠోరంగా బయటపడుతుంది. 2012 పోక్సో చట్టం ప్రకారం బిడ్డ వాంగ్మూలాన్ని బిడ్డ చెప్పిన మాటల్లోనే మేజిస్ట్రేటు నమోదు చేయాలి. ఎంతో మానవత్వమున్న నిబంధన ఇది. అయితే ఆ బిడ్డ ఏ మాటల్లో చెప్పాలి? పాఠ్యపుస్తకపు మాట నోటికి రాదు. బూతు పెద్దల ముందు అనకూడదని తన్ని నేర్పారు. ఇంటిమాటలో ఆ భాగానికి పేరే లేదు. బిడ్డ తల వంచుకుంటుంది. చట్టం ఇచ్చిన హక్కును భాష లాగేసుకుంటున్నది.

గిడుగు రామమూర్తిగారు వాడుకభాష కోసం పోరాడినప్పుడు, జనానికి అర్థంకాని భాషలో చెప్పిన చదువు చదువు కాదన్నది ఆయన వాదం. ఆ పోరాటం పత్రికల్లోనూ కథల్లోనూ గెలిచింది. పిల్లవాడి శరీరం దగ్గర ఇంకా గెలవలేదు. ఈ పనికి సామగ్రి లేకపోలేదు. ముట్టు అన్నది పొట్టి తెలుగు మాట. దానికంటించిన మైలను కడిగేస్తే బడికీ ఇంటికీ సరిపోతుంది. పల్లెల్లో ఆశా కార్యకర్తలూ, అంగన్‌వాడీ టీచర్లూ రోజూ తల్లులతో మాట్లాడుతూ తమకు తెలియకుండానే ఒక శుభ్రమైన తెలుగును తయారుచేస్తున్నారు. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లు నిఘంటువుల దగ్గరికి పోయేముందు వాళ్ల దగ్గరికి పోవాలి. బడిలో ఈ పాఠం ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఇద్దరికీ చెప్పాలి. ఒకరి శరీరం మరొకరికి బూతుగా తెలియడం ఆగాలంటే అదొక్కటే మార్గం. ఏ మాట వాడి పాఠం చెప్పారో బడి తల్లిదండ్రులను పిలిచి చెప్పాలి, పిల్ల ఇంటికి వచ్చి ఆ మాట అన్నప్పుడు తల్లి ఉలిక్కిపడకుండా వుండేందుకు. తండ్రి కొడుకుతో మాట్లాడాలి. నీకు జరుగుతున్నది రోగం కాదు, నాకూ జరిగింది అన్న రెండు ముక్కలు చాలు, గోడ మీది వైద్యుడి వ్యాపారం సగం పడిపోతుంది.

ఇక రచయితల వంతు. మా అలంపురం ప్రాంతంవాడైన సురవరం ప్రతాపరెడ్డిగారు రాజుల యుద్ధాలను పక్కనపెట్టి ఆంధ్రుల తిండినీ, బట్టనూ, ఆటలనూ, నమ్మకాలనూ చరిత్రగా రాశారు. 1949లో వచ్చిన ఆ సాంఘిక చరిత్ర, ఆస్థానకవులు చూడదగినది కాదనుకున్నదే చూడవలసిందని మనకు నేర్పింది. ఆయన చూపు ఇవాళ పత్తిచేనులో నిలబడ్డ పదమూడేళ్ల పిల్ల మీద పడాలి. ఆ పిల్లను చూసి జాలిపడే కథలు మనకు చాలానే వున్నాయి. ఆ పిల్ల తానే చదువుకుని, ఇది నా సంగతే, దీనికి ఈ పేరుందా అని ఊపిరి పీల్చుకునే కథ కావాలి. అటువంటి కథలు పది వస్తే, వాటిలో ఒక్కటైనా పాఠ్యపుస్తకంలోకి చేరితే, తల్లికి మాట దొరుకుతుంది, ఉపాధ్యాయుడికి ధైర్యం దొరుకుతుంది. ఆ పది కథలూ రాయడం అభ్యుదయ రచయితల బాధ్యత. దాన్ని మరొక తరానికి వాయిదా వేయడానికి వీలులేదు.