నిజం కోసం కట్టిన కోర్టు

గుడి శిల్పం గురించి రాస్తాం, నవల నిర్మాణం గురించి రాస్తాం. ఒక చట్టాన్ని ఎంత నేర్పుగా కట్టారో తీరిగ్గా పరిశీలించడం మాత్రం అరుదు. రువాండా 2001లో తెచ్చి, 2004లో తిరగరాసిన గచాచా చట్టం అలాంటి పరిశీలనకు తగినది. 1994 మారణకాండలో పొరుగువాణ్ణి పొరుగువాడే చంపాడు. చంపినవాడి ఇంటివాళ్లూ, చచ్చినవాడి ఇంటివాళ్లూ మళ్లీ అదే కొండవాలులో పక్కపక్కనే పొలం దున్నుకోవాలి. అక్కడ న్యాయం ఎలా చెయ్యాలన్న ప్రశ్నకు, వాక్యం వాక్యం ఆలోచించి రాసుకున్న జవాబు అది.

1994 ఏప్రిల్ 6 రాత్రి అధ్యక్షుడు హబ్యరిమానా విమానాన్ని కూల్చేశారు. మర్నాటి నుంచి జూలై మధ్యదాకా, సుమారు వంద రోజుల్లో, ఎనిమిది లక్షలమందికి పైగా హతమయ్యారని ఐక్యరాజ్యసమితి అంచనా. రువాండా ప్రభుత్వ లెక్క పది లక్షలు దాటుతుంది. చనిపోయినవాళ్లలో అత్యధికులు టుట్సీ జాతివాళ్లు. ఆ హత్యాకాండకు ఎదురు నిలిచిన హుటూ జాతివాళ్లనూ బతకనివ్వలేదు. సైన్యమూ, ఇంటరాహామ్వే ముఠాలూ ముందుండి నడిపించాయి. కత్తి పట్టినవాళ్లలో మాత్రం మామూలు రైతులు వేలాదిగా ఉన్నారు.

ఆ తర్వాత జైళ్లు నిండిపోయాయి. తొంభైల చివరికి లక్షా ఇరవై వేలమంది దాకా నిర్బంధంలో ఉన్నారు. కొన్ని వందలమంది కోసం కట్టిన గితరామా జైల్లో 1995లో ఏడు వేలమందిని కుక్కారు. న్యాయమూర్తుల్లో, వకీళ్లలో చాలామంది హతమయ్యారు లేదా దేశం విడిచారు. 1996 చివర్లో మామూలు కోర్టుల్లో విచారణలు మొదలయ్యాయి గానీ, అదే వేగంతో పోతే అందరి కేసులూ తేలడానికి వందేళ్లు చాలవని లెక్క తేలింది. టాంజానియాలోని అరుషాలో ఐక్యరాజ్యసమితి పెట్టిన ట్రిబ్యునల్ గొప్ప పనే చేసింది. టాబా మేయరుగా పనిచేసిన అకాయేసుకు జాతిహత్య నేరం కింద 1998లో శిక్ష వేసి, అత్యాచారం కూడా జాతిహత్యలో భాగమేనని తీర్పు చెప్పింది. కానీ ఆ ట్రిబ్యునల్ అభియోగాలు మోపింది మొత్తం 93 మంది మీదే. పథకం వేసిన పెద్దల సంగతి అక్కడ తేలుతుంది, సరే. పక్కింటివాడి సంగతి ఎవరు తేల్చాలి?

1998, 99 సంవత్సరాల్లో అధ్యక్ష కార్యాలయం ఉరుగ్విరోలో జరిగిన చర్చల్లో ఒక పాత ఆచారం ముందుకొచ్చింది. పొలంగట్టు తగాదాలు, పశువుల తగవులు, కుటుంబ కలహాలు వస్తే ఊరి పెద్దలు ఆరుబయట కూర్చుని తీర్చే పద్ధతి గచాచా. మన రచ్చబండ తీర్పుల్లాంటిదే. రచ్చబండ దగ్గర హత్యకేసులు తేల్చలేమని మనకు తెలిసినట్టే వాళ్లకూ తెలుసు. అందుకే పాత ఆచారం నుంచి ఆరుబయలునీ, ఊరివాళ్ల హాజరునీ మాత్రం తీసుకున్నారు. మిగిలినదంతా చట్టంగా కొత్తగా కట్టారు. ఆ కట్టడం లోపలికి వెళ్లి చూస్తేనే పనివాళ్ల చెయ్యి కనిపిస్తుంది.

మొదట చూడవలసింది జాబితాల వరుస. అప్పట్లో అతి చిన్న పాలనా విభాగమైన ప్రతి సెల్‌లోనూ జనం సమావేశమై కొన్ని జాబితాలు తయారుచెయ్యాలి. ఇప్పుడు ఇక్కడ ఎవరుంటున్నారు? మారణకాండకు ముందు ఎవరుండేవారు? ఇక్కడే హతమైనవాళ్లెవరు? ఇక్కడి నుంచి వెళ్లి వేరేచోట హతమైనవాళ్లెవరు? ఎవరి ఆస్తి ఎంత పోయింది? ఇవన్నీ పూర్తయ్యాకే చివరగా నిందితుల జాబితా. ఈ వరుసలో గొప్ప వివేకం ఉంది. ‘ఎవరు చంపారు?’ అని మొదటే అడిగితే జనం నోరు కుట్టేసుకుంటారు. ‘ఆ ఇంట్లో ఎవరుండేవారు?’ అని అడిగితే ఎవరైనా చెప్పగలరు. ఆ ఇంట్లో ఏడుగురుండేవారని ఊరంతా ఒప్పుకుని రాయించాక, ఇప్పుడు ఒక్కరే మిగిలారన్న సంగతి దానంతటదే బయటపడుతుంది. అప్పుడు ఆరుగురూ ఏమయ్యారన్న ప్రశ్నను ఎవరూ దాటెయ్యలేరు. నేరస్థుడి పేరు కన్నా ముందు మృతుల పేర్లు కాగితం మీదికి ఎక్కడం వాళ్లకు దక్కిన మొదటి గౌరవం కూడా.

రెండోది న్యాయమూర్తుల ఎంపిక. 2001 అక్టోబరులో దేశమంతటా ఎన్నికలు పెట్టి సుమారు రెండున్నర లక్షలమందిని ఎన్నుకున్నారు. ఇన్యంగముగాయో అని పిలిచే ఈ న్యాయమూర్తుల్లో ఎక్కువమంది రైతులు, చాలామంది మహిళలు. రాజకీయ నాయకులు, ప్రభుత్వాధికారులు, సైనికులు, పోలీసులు, వృత్తి న్యాయమూర్తులు ఆ స్థానాలకు అనర్హులు. బంధువుల కేసు వస్తే న్యాయమూర్తి పక్కకు తప్పుకోవాలి. జీతం లేదు. 1994లో రాజ్యం చేతిలో జనం పనిముట్లయ్యారు. ఇప్పుడు తీర్పు చెప్పే అధికారం అధికారి చేతికి వెళ్లకుండా అదే జనం చేతిలో పెట్టారు. ఎంత ధైర్యం కావాలి అందుకు!

మూడోది శిక్షల నిచ్చెన. చట్టానికి ప్రాణం ఇక్కడే ఉంది. 2004 చట్టం ప్రకారం, పథకం వేసినవాళ్లూ, పేరుమోసిన హంతకులూ, అత్యాచారం చేసినవాళ్లూ మొదటి తరగతి కిందికి వస్తారు, వాళ్లను మామూలు కోర్టులే విచారించాలి. చంపినవాళ్లు, గాయపరిచినవాళ్లు రెండో తరగతి. ఆస్తి దోచినవాళ్లు, ధ్వంసం చేసినవాళ్లు మూడో తరగతి, వాళ్లకు జైలు లేదు, నష్టం కట్టి ఇవ్వాలి. రెండో తరగతి హంతకుడు నేరం ఒప్పుకోకుండా దోషిగా తేలితే 25 నుంచి 30 ఏళ్ల జైలు. జాబితాలో పేరు ఎక్కాక ఒప్పుకుంటే 12 నుంచి 15 ఏళ్లు. జాబితాకు ముందే తనంతట వచ్చి ఒప్పుకుంటే 7 నుంచి 12 ఏళ్లు. ఒప్పుకున్నవాళ్లు అందులో సగం కాలం జైలు బయట సమాజసేవ చేసి తీర్చుకోవచ్చు: రోడ్లు వెయ్యడం, కొండవాలులో మట్టి కొట్టుకుపోకుండా మెట్టుచాళ్లు కట్టడం, బాధితులకు ఇళ్లు కట్టడం.

ఈ అంకెల్ని జాబితాతో కలిపి చదవాలి. జాబితా తయారుచేసేది ఊరివాళ్లే. ఒప్పుకున్న ప్రతివాడూ తనతో కలిసి చంపినవాళ్ల పేర్లు చెప్పి తీరాలి. అంటే ఇవాళ తోటివాడు నోరు విప్పితే, రేపటికి నా పేరు జాబితాలో ఉంటుంది. అన్నిటికన్నా తక్కువ శిక్షకు నాకున్న అవకాశం పోతుంది. ఇన్నేళ్లూ మౌనమే వాళ్లకు రక్షణ. ఈ అమరికతో మౌనం ప్రమాదంగా మారింది, నిజం చెప్పడమే మేలైంది. వర్ణవివక్ష కాలపు నేరాల కోసం దక్షిణాఫ్రికా వేసిన సత్య, సయోధ్య సంఘం నిజం చెప్పినవాళ్లకు క్షమాభిక్ష ఇచ్చే దారి తీసుకుంది. రువాండా నిజానికి శిక్ష తగ్గించింది గానీ నేరాన్ని మాఫీ చెయ్యలేదు. చంపినవాడు చంపినవాడిగానే తీర్పులో నమోదయ్యాడు.

అంతకన్నా నన్ను కదిలించేది, ఏం చెప్తే ఒప్పుకోలు అవుతుందో చట్టం రాసిన తీరు. ‘నేను చంపాను’ అన్న మాట చాలదు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేశాడో, సాక్షులెవరో చెప్పాలి. శవాన్ని ఎక్కడ పడేశాడో చెప్పాలి. తోడున్నవాళ్లెవరో చెప్పాలి. చివరికి అందరి ముందూ క్షమాపణ అడగాలి. ఆ శవం షరతు న్యాయశాస్త్రం పుస్తకంలోంచి కాక, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల గుండెల్లోంచి వచ్చినట్టు ఉంటుంది. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఎంతోమంది అడిగింది ఎముకలెక్కడున్నాయనే. ఆ వాక్యం వల్లే ఎన్నో గోతుల్లోంచీ, మరుగుదొడ్ల గుంటల్లోంచీ అవశేషాలు వెలికితీసి మర్యాదగా ఖననం చెయ్యగలిగారు.

రాసిన మాటలతో పాటు రాయకుండా వదిలిన మాటా గమనించాలి. క్షమాపణ అడగడం నేరస్థుడికి విధి అని చట్టం చెప్పింది. క్షమించడం బాధితుల విధి అని ఎక్కడా చెప్పలేదు. చుట్టుపక్కలవాళ్ల నుంచీ, నాయకుల నుంచీ ఒత్తిడి వచ్చి ఉండవచ్చు గానీ, చట్టం మాత్రం ఆ హక్కును బాధితుల దగ్గరే ఉంచింది. అత్యాచారానికి గురైన స్త్రీల విషయంలోనూ ఇదే సున్నితత్వం. నలుగురిలో ఆ ఆరోపణ చెయ్యడాన్ని, ఆ నేరం ఒప్పుకోవడాన్ని చట్టం నిషేధించింది. ఆమె తను నమ్మిన న్యాయమూర్తికి విడిగా చెప్పుకోవచ్చు. 2008లో ఆ కేసుల్ని గచాచాకు మార్చినప్పుడు మూసిన తలుపుల వెనకే విచారించాలన్నారు.

ఇంత నేర్పుగా కట్టినదాంట్లోనూ పగుళ్లున్నాయి, వాటిని దాచడం ఆ పనివాళ్లకే అవమానం. నిందితుడికి వకీలు లేడు. పాత కక్షలు తీర్చుకోవడానికి అబద్ధపు ఆరోపణలు వచ్చాయి. లంచాలు నడిచాయి. కొందరు న్యాయమూర్తుల మీదే నేరారోపణలు వచ్చి వాళ్లను తప్పించాల్సొచ్చింది. ఒప్పుకున్నవాళ్లలో కొందరు చచ్చినవాళ్ల మీదికి, దేశం దాటినవాళ్ల మీదికి నేరం నెట్టి సగం నిజంతో బయటపడ్డారు. సాక్ష్యం చెప్పబోయిన బాధితుల్లో కొందరు హత్యకు గురయ్యారు. అన్నిటికన్నా లోతైన పగుళ్లు రెండు. మారణకాండను ఆపి అధికారంలోకి వచ్చిన ఆర్‌పీఎఫ్ సైనికుల చేతుల్లో చనిపోయినవాళ్ల కేసులు గచాచా పరిధిలోకి రాలేదు, 2004 సవరణతో ఆ తలుపు పూర్తిగా మూసుకుంది. ఇక బాధితులకు నష్టపరిహారం ఇస్తామన్న నిధి రూపు దాల్చనే లేదు. సాయానికి వేరే నిధి ఉండేది గానీ, అది పరిహారం కాదు. నేరస్థుడికి శిక్ష తగ్గింది, బాధితురాలికి రావలసింది రాలేదు. ఈ అసమానతకు ఏ పనితనమూ సమాధానం కాలేదు.

2002 జూన్‌లో మొదలైన గచాచా కోర్టులు 2012 జూన్ 18న మూతపడ్డాయి. దాదాపు పన్నెండు వేల కోర్టులు పందొమ్మిది లక్షల యాభై వేలకు పైగా కేసులు తేల్చాయి. అందులో పదమూడు లక్షలకు పైగా ఆస్తి కేసులు. ఈ అంకెలు చూసి విజయమనేవాళ్లున్నారు, తొందరపాటనేవాళ్లున్నారు. నా లెక్క వేరు. ఊరివాళ్లే పాలుపంచుకున్న నేరానికి ఊరి ముందే విచారణ జరగాలని ఈ చట్టం గుర్తించింది. నిజం చెప్పండని బతిమాలకుండా, నిజం చెప్పడమే లాభమయ్యేలా మెట్లు కట్టింది. రేపు ఇంకో దేశానికి ఈ గతి పడితే, నేరస్థుల కన్నా ముందు మృతుల పేర్లు రాసే ఆ జాబితాల వరుసనూ, శవం ఎక్కడుందని అడిగే ఆ షరతునూ, క్షమను బాధితులకే వదిలిన ఆ సంయమనాన్నీ ఉన్నదున్నట్టు తీసుకోవాలి. గెలిచినవాళ్ల నేరాల్ని కూడా అదే బల్ల ముందుకు తేవాలి, పరిహారం డబ్బు మొదటి విచారణకు ముందే సిద్ధం చెయ్యాలి. రువాండా పనివాళ్లు వదిలేసినవి ఈ రెండూ. ఎంత పని చేసి చూపించారో తెలిసినవాళ్లకే, ఈ రెండూ పూర్తిచెయ్యడం అసాధ్యం కాదని నమ్మకం కలుగుతుంది.