ధారణలోని పనితనం

అష్టావధానంలో చప్పట్లు ఎక్కువగా సమస్యాపూరణానికే పడతాయి. నా దృష్టిలో అసలు పనితనం చివరి ఘట్టానిది. ప్రశ్నలు వేసే పృచ్ఛకులు అడ్డుపడుతుంటే, అప్రస్తుత ప్రసంగి మధ్యలో దూరి ఏకాగ్రతను చెదరగొడుతుంటే, ఆవృత్తికొక (విడతకొక) పాదంగా ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలను కాగితం ముట్టకుండా దేనికదిగా అప్పజెప్పడమే ధారణ. కడప జిల్లాలో ఈ విద్యకు ప్రొద్దుటూరు పెట్టింది పేరు. ‘రాణాప్రతాపసింహ చరిత్ర’ రాసిన దుర్భాక రాజశేఖర శతావధాని, ‘శివభారతం’ రాసిన గడియారం వేంకట శేషశాస్త్రి జంటగా అవధానాలు చేశారు. తర్వాతి తరాల్లో సి.వి. సుబ్బన్న శతావధాని, నరాల రామారెడ్డి ఆ పేరు నిలబెట్టారు.

ఇంతకీ ఆ పాదాలు అంతసేపు ఎక్కడుంటాయి? జ్ఞాపకం ఏ ఒక్క న్యూరాన్‌లోనూ ఉండదు. ఒకేసారి ఉత్తేజం పొందిన న్యూరాన్ల మధ్య బంధం బలపడుతుందనీ, ఆ జట్టే జ్ఞాపకానికి ఆధారమనీ కెనడా శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ 1949లో ప్రతిపాదించాడు. బంధం నిజంగానే బలపడుతుందని 1973లో బ్లిస్, లోమో అనే శాస్త్రవేత్తలు కుందేలు మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో చూపించారు. 2012లో ఎంఐటీలో తొనెగావా బృందం ఇంకా ముందుకెళ్లింది. ఒక పెట్టెలో ఎలుకకు చిన్న షాక్ ఇచ్చి, అప్పుడు పనిచేసిన కణాలకు కాంతికి స్పందించే గుణం కలిగించారు. తర్వాత వేరే పెట్టెలో, ఏ ప్రమాదమూ లేనిచోట, ఆ కణాల మీద కాంతి ప్రసరింపజేస్తే చాలు, ఎలుక భయంతో బిగుసుకుపోయింది. కొద్దిపాటి కణాలను తట్టి లేపితే పాత భయం తిరిగొచ్చింది!

ఒకే న్యూరాన్ ఎన్నో జ్ఞాపకాల్లో పాలుపంచుకుంటుంది. మా సీమ పల్లెల్లో ఒకే మనిషి రామభజనలోనూ, పీర్ల పండుగలోనూ కనిపించినట్టే. అందుకే తక్కువ కణాలతో లెక్కలేనన్ని జట్లు కట్టడం సాధ్యమవుతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. కొన్ని గంటల తేడాతో జరిగిన రెండు అనుభవాలకు ఉమ్మడి కణాలు ఎక్కువగా ఉంటాయనీ, అందుకే ఒకటి రెండోదాన్ని లాక్కొస్తుందనీ 2016లో ఎలుకల మీద పరిశోధనలు తేల్చాయి. అవధాని పద్యాలన్నీ ఒకే సభలో, ఒకే గొంతులో పుట్టేవే. కలగాపులగం కావడానికి ఇంతకన్నా అనువైన సందర్భం ఏముంటుంది? హిప్పోకాంపస్‌లోని డెంటేట్ గైరస్ అనే భాగంలో ఒక్కో అనుభవానికి చాలా కొద్ది కణాలే స్పందిస్తాయి. దగ్గరి పోలికలున్న అనుభవాలను కూడా విడివిడిగా ఉంచడంలో దాని పాత్ర పెద్దది. పక్కనే ఉన్న సీఏ3లో కణాలు ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయి కాబట్టి, జట్టులో కొంత భాగం కదిలితే మిగతాది కూడా లేస్తుంది.

ఛందస్సు నాకు ఇక్కడే అద్భుతంగా కనిపిస్తుంది. దత్తపదిగా, అంటే పద్యంలో వాడితీరాల్సిన పదాలుగా, కారు, తారు, బారు, జోరు ఇచ్చి, భారతార్థంలో ఉత్పలమాల చెప్పమన్నారనుకోండి. అవధాని ‘కారు’ను వాహనంగా వాడడు, ‘భీరులు కారు’ అంటూ క్రియలో కలిపేస్తాడు. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, గణాలు భ ర న భ భ ర వ. పదో అక్షరానికి మొదటి అక్షరంతో యతి, నాలుగు పాదాల్లో రెండో అక్షరం ప్రాస. కాబట్టి ధారణవేళ ప్రాసాక్షరం గుర్తొస్తే పాదం మొదలు దొరుకుతుంది, మొదటి అక్షరం దొరికితే యతిస్థానం తెలుస్తుంది, దత్తపదాలు నాలుగు చోట్ల కొక్కేలవుతాయి. వినేవారికి ఆంక్షలుగా తోచేవన్నీ జ్ఞాపకానికి పట్టుకొమ్మలే. పక్క పృచ్ఛకుడి కోసం చెప్పిన చంపకమాల గణాలు వేరు, ప్రాస వేరు కాబట్టి ఈ పద్యంలోకి చొరబడలేదు. శిల్పమే కాపలా కాస్తుంది.

కంఠస్థం చేసేవారి మెదళ్ల మీద పరిశోధన కూడా జరిగింది. 2016లో 21 మంది యజుర్వేద పండితుల మెదళ్లను స్కాన్ చేసి, సామాన్యుల మెదళ్లతో పోల్చిన అధ్యయనం వెలువడింది. హిప్పోకాంపస్‌తో సహా పలుచోట్ల తేడాలు కనిపించాయి. అయితే వేదపండితుడు ఏళ్ల తరబడి వల్లెవేసిన పాఠాన్ని చెబుతాడు. అవధాని అప్పటికప్పుడు పుట్టిన పద్యాన్ని, ఒకే ఒక్కసారి పలికిన పాదాన్ని పట్టుకోవాలి. ఇది మరింత కష్టమని నా తీర్పు.

మీ ఊళ్లో అవధానం జరిగితే ఆశువు, వర్ణన విని లేచిపోకండి. ధారణ దాకా కూర్చోండి. వీలైతే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి.