కెంపు కడ్డీ, వజ్రపు ముల్లు

ఎల్పీ రికార్డు మీద మొదటి పాట నిగనిగలాడుతూ వినిపిస్తుంది. అదే వైపు చివరి పాటకు వచ్చేసరికి గాయని పలికే సకారాలు బుసకొడతాయి, వయొలిన్ గీరుకుపోతుంది. రికార్డు అరిగిపోయిందని చాలామంది దాన్ని పక్కన పెట్టేస్తారు. కానీ చాలాసార్లు తప్పు ముల్లుది.

ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. ఆ వేగం మారదు గానీ ముల్లు కింద నడిచే గాడి పొడవు మారుతుంది. అంచు దగ్గర సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల గాడి సాగిపోతే, లోపలి చివరి చుట్లలో 21 సెంటీమీటర్లే సాగుతుంది. సెకనుకు 10,000 కంపనాలున్న ధ్వని అంచున ఒక్కో అలకు 51 మైక్రాన్ల జాగా తీసుకుంటుంది. లోపలికి వచ్చేసరికి అదే అల 21 మైక్రాన్లలోకి ముడుచుకుపోతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మామూలు గుండ్రని ముల్లు కొనకు వ్యాసార్థమే 15 నుంచి 18 మైక్రాన్లు. ఇరుకు సందు మలుపులో ఎడ్లబండి తిరగలేనట్టే, ఆ ముల్లు అంత చిన్న మెలికలోకి దిగలేదు. పైపైన దొర్లుకుంటూ పోతుంది. మనకు వినిపించే బుస ఆ దొర్లుడే.

దీనికి విరుగుడు ముల్లు ఆకారంలో ఉంది. రికార్డు మూలప్రతిని చెక్కే పనిముట్టుకు పదునైన అంచు ఉంటుంది. వినిపించే ముల్లు కూడా గాడిని కోయకుండా ఆ అంచుకు వీలైనంత దగ్గరగా రావాలి. మొదటి మెట్టు దీర్ఘవృత్తాకారం: గాడి పొడవు దిశలో 5 మైక్రాన్లు, అడ్డంగా 18. తర్వాత 1970ల మొదట్లో జపాన్ జేవీసీ కంపెనీ నాలుగు స్పీకర్ల రికార్డులు తెచ్చింది. వాటి గాడిలో మనిషి చెవికి అందని ఎత్తు ధ్వనులను కూడా చదవాలి. అందుకోసం ఆ కంపెనీ ఇంజనీరు నోరియో షిబాటా కొత్త ఆకారం చెక్కాడు. ఆ రికార్డులు బజారులో నిలవలేదు. షిబాటా ముల్లు మాత్రం నిలిచింది, దాని వెనుకే ఇంకా సన్నని మైక్రో రిడ్జ్ వచ్చింది.

ఇంత సూక్ష్మమైన ముల్లును, దాని కదలికను విద్యుత్తుగా మార్చే యాభయ్యేళ్ల నాటి కార్ట్‌రిడ్జ్‌కు తగిలించవచ్చు. ఈ విద్యలో గొప్ప సంగతి అదే. షికాగోలో పుట్టిన షూర్ కంపెనీ 1973లో తెచ్చిన వీ15 టైప్ 3నే తీసుకోండి. దాని ఒంట్లో ఉన్నవి తీగచుట్టలు, పలకలు పేర్చిన ఇనుప గుండె. వాటిలో కదిలేది, అరిగేది ఏదీ లేదు. వజ్రం, దాన్ని మోసే సన్నని కడ్డీ, కడ్డీ తోక దగ్గరి అయస్కాంతం, దాన్ని పట్టి ఉంచే రబ్బరు, అన్నీ వేలితో లాగితే ఊడివచ్చే ఒక చిన్న ముక్కలోనే ఉంటాయి. అది మారిస్తే కదిలే భాగమంతా మారినట్టే. తీగచుట్టే కదిలే మూవింగ్ కాయిల్ రకాల్లో సాధారణంగా ఈ సుఖం లేదు, ముల్లు అరిగితే నిపుణుడి చేతికి పంపాల్సిందే.

సీలు విప్పని పాత డబ్బాలో ముల్లు దొరికిందని మురిసిపోకూడదు. వాడకపోయినా రబ్బరు ఏళ్ల తరబడి గట్టిపడుతుంది. గట్టిపడిన రబ్బరు మీద ఎంత మంచి వజ్రమైనా బిగుసుకుపోతుంది. కొత్తగా తయారైన ముల్లే మేలు.

షూర్ 2018లో కార్ట్‌రిడ్జ్‌ల తయారీ మానేసింది. ఆ పాత ఒళ్లకు ఇప్పుడు ప్రాణం పోస్తున్నవారిలో ముఖ్యులు జపాన్‌లోని హ్యోగో ప్రాంతానికి చెందిన జికో కంపెనీవారు. 1873లో కుట్టుసూదులతో మొదలైన ఇల్లది. తర్వాత గ్రామఫోను సూదులు, ఆ పైన వజ్రపు ముళ్లు. షూర్ కార్ట్‌రిడ్జ్‌ల కోసం వారు చేసే ఎస్ఏఎస్ ముల్లు మైక్రో రిడ్జ్ కోవకు చెందినది. కడ్డీ బోరాన్‌ది కావచ్చు, నీలందో కెంపుదో కావచ్చు. అల్యూమినియం గొట్టం కంటే ఇవన్నీ బిగువైనవి, అందుకే ముల్లు కదలిక దారిలో వంగిపోకుండా అయస్కాంతానికి చేరుతుంది. చవక ముళ్లలో లోహపు పుల్ల కొసకు మాత్రమే వజ్రం అతికిస్తారు. మంచివాటిలో ముల్లంతా వజ్రమే, బరువు తక్కువ. ఖరీదుకు తగిన విలువ ఇక్కడ నిజంగానే ఉంది.

పదునైన ముల్లుకు అమరిక కూడా పదునుగా కుదరాలి. గుండ్రని ముల్లు కాస్త వంకరగా కూర్చున్నా క్షమిస్తుంది. మైక్రో రిడ్జ్ క్షమించదు. ప్రొట్రాక్టర్ కాగితం మీద కోణం సరిచూసి, త్రాసుతో బరువు తూచాలి. టైప్ 3కి ముప్పావు గ్రాము నుంచి ఒకటింబావు దాకా బరువు పెట్టమని షూర్ చెప్పింది. మరో సంగతి చాలామంది మరచిపోతారు: ఈ కార్ట్‌రిడ్జ్ 400 నుంచి 500 పికోఫారడ్ల కెపాసిటెన్స్ కోరుతుంది. నేటి ఫోనో ప్రీయాంప్‌లు చాలావాటిలో అది అంతకంటే తక్కువ. అప్పుడు పైస్వరాల తూకం చెడుతుంది, నింద అనవసరంగా కొత్త ముల్లు మీద పడుతుంది.

తెలుగు ఇళ్లలో మిగిలిన ఎల్పీలు, ఘంటసాల భగవద్గీత వంటివి, చాలావరకు సిరామిక్ కార్ట్‌రిడ్జ్ సెట్ల మీద అనేక గ్రాముల బరువు కింద నలిగినవే. గాడి గోడ మీద గుండ్రని ముల్లు ఒక ఎత్తులోనే రాసుకుంటుంది. మైక్రో రిడ్జ్ అదే గోడను నిలువునా తాకుతుంది కాబట్టి, పాత ముల్లు ముట్టని చోటు నుంచి కూడా ధ్వనిని తీయగలదు. తెగిన గాడిని ఏ వజ్రమూ అతికించదు. అయినా పారేద్దామనుకున్న ప్లేట్లలో ఒకటి రెండు వినదగ్గవిగా తేలడం అరుదు కాదు.

ఇంకా పాతవాటి సంగతి వేరు. రంగస్థల నటులు స్థానం నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలున్న లక్క ప్లేట్ల గాడి ఎల్పీ గాడి కంటే చాలా వెడల్పు. ఎల్పీ ముల్లు అందులో అడుగుకు జారి చెత్తనే చదువుతుంది. షూర్ ఇదే టైప్ 3 ఒంటికి, నిమిషానికి 78 చుట్లు తిరిగే ఈ ప్లేట్ల కోసం వీఎన్78ఈ అనే ముల్లు చేసింది, దాని అడ్డపు వ్యాసార్థం 64 మైక్రాన్ల దాకా ఉంటుంది. దాని మీద ఒకటిన్నర నుంచి మూడు గ్రాముల బరువు పెట్టవచ్చు. టర్న్‌టేబుల్‌కు 78 వేగం ఉంటే చాలు, ముక్క మార్చి పద్యం వినవచ్చు.